చప్పుడు చేయని బెల్టు

"కారు రెండు రోజులుగా గరగరమంటోందని మా బావకి చెబుతూనే ఉన్నాను. వింటేగా" అన్నాడు బావమరిది.

గోడ గడియారంలో పదీ ఐదైంది. సాయంత్రం ఐదింటికి మెకానిక్‌ని కోర్టులో హాజరు పరుస్తారు. అంటే నా చేతిలో ఉన్నది ఏడు గంటలు కూడా కాదు.

ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను. మంగళవారం తెల్లవారుజామున ఐదూ ముప్ఫై ఐదుకి, దట్టమైన మంచులో, వంతెన మధ్యలో ఆగి ఉన్న కారుని వెనక నుంచి లారీ గుద్దింది. కారులో ఉన్న పెద్దాయన, ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమాని, అక్కడికక్కడే పోయాడు. కారు ఎందుకు ఆగిందా అని చూస్తే ఇంజన్‌లో టైమింగ్ బెల్టు తెగి ఉంది. ఆ బెల్టు పాతది, ఒళ్ళంతా పగుళ్ళు. పదకొండు రోజుల క్రితమే పాతది తీసి కొత్తది వేశానంటున్నాడు మెకానిక్. వేయకుండానే వేశానని చెప్పి మోసం చేశాడనీ, ఆ మోసం వల్లే మనిషి ప్రాణం పోయిందనీ పోలీసుల కేసు. నిన్న సాయంత్రం నుంచి లాకప్‌లో ఉన్న ఆ మెకానిక్ తరఫున నిజం కనుక్కోవడానికి అతని భార్య నన్ను, ఒక ప్రైవేటు డిటెక్టివ్‌ని, పెట్టుకుంది.

ఇప్పుడు ప్రెస్ ఆఫీసులో నా ఎదురుగా కూర్చున్న బావమరిది, పోయిన పెద్దాయన భార్యకి సొంత తమ్ముడు. నలభై ఏళ్ళుంటాయి. ప్రెస్ పనులు చూసేది, బావ కారుని సర్వీసుకి ఇచ్చి తెచ్చేది అన్నీ ఇతనే. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, చొక్కా ఇస్త్రీ మాత్రం నలగలేదు. చొక్కాని బట్టి మనిషిని అంచనా వేయకూడదని నాకు తెలుసు. అయినా వేస్తూనే ఉంటాను.

"గరగర అంటే ఎలాంటిది?"

"స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి వచ్చేది. రేకు డబ్బాలో మేకులేసి కదిపినట్టు. కాసేపటికి తగ్గేది."

"పోలీసులకీ ఇదే చెప్పారా?"

"ఇదే చెప్పాను. సర్వేయర్ గారు రిపోర్టులో కూడా పెట్టారు."

"బెల్టు మార్పించాక షెడ్డు నుంచి కారు తెచ్చింది మీరేనా?"

"నేనే."

"మెకానిక్ మీకు పాత బెల్టు ఇచ్చాడా?"

"గుర్తులేదండీ. ఏదో డబ్బా వెనక సీట్లో పడేశాడు. నేను తెరిచి చూడలేదు. దాని సంగతే మర్చిపోయాను."

"మంగళవారం పొద్దున మీరెక్కడున్నారు?"

"ఇంట్లో నిద్రపోతున్నాను. ఆరున్నరకి మా అక్క ఫోన్ చేస్తే లేచాను."

"తెల్లారకుండా మీ బావగారు ఎక్కడికి బయల్దేరారు?"

"ఆయన ఎవరికీ ఏదీ చెప్పే మనిషి కాదు." అతను కుర్చీ వెనక్కి జరిపాడు. "మీరు ఎవరి తరఫున వచ్చారో నాకు తెలుసు. మా అక్క సంసారం కూల్చినవాణ్ణి కాపాడటానికి తిరుగుతున్నారు. సిగ్గనిపించడం లేదూ?"

మాట సూటిగా తగిలింది. తగిలితే నాకు నోరు జారుతుంది. అది నా పాత జబ్బు.

"కాపాడటానికి కాదండీ, కనుక్కోవడానికి" అన్నాను. "తొమ్మిదింటికి ఆసుపత్రిలో లారీ డ్రైవర్‌ని చూసి వస్తున్నాను. భుజం ఎముక విరిగింది కానీ మాట బాగానే ఉంది. మీ బావగారి కారుకి ఒక్క లైటు కూడా వెలగడం లేదంటున్నాడు. కారు పక్కన ఇంకో మనిషి నిలబడి ఉన్నట్టు కూడా అనిపించిందట. బెల్టు తెగితే ఇంజన్ ఆగుతుంది, సరే. లైట్లెందుకు ఆరిపోతాయి?"

"ఆ మంచులో వాడికేం కనపడి ఉంటుంది? పోలీసులకి చెప్పాడా ఈ మాట?"

"స్టేట్‌మెంటు రేపు తీసుకుంటారట."

అతను తలూపాడు. నా కోసం తెప్పించిన కాఫీ ఎత్తి తనే తాగేశాడు. నేనది గమనించి, నవ్వుకుని, బయటికొచ్చేశాను.

*

మెకానిక్ షెడ్డు చేరేసరికి పదకొండున్నర. మంగళవారం దాకా అక్కడ ఏడు కార్లుండేవట. ఐదింటిని ఓనర్లు తీసుకెళ్ళిపోయారు. ఆరోదాని ఓనరు తాళాలు అడుగుతున్నాడు. ఇంజన్ సగం విప్పి ఉన్నా సరే, తాడు కట్టి లాక్కుపోతానంటున్నాడు. మెకానిక్ భార్య ఎదురు చెప్పలేదు. విప్పిన బోల్టులన్నీ ఒక డబ్బాలో వేసి, మూత పెట్టి ఇచ్చింది.

ఆమె పదహారేళ్ళుగా మొగుడితో పాటు ఆ షెడ్డులోనే పనిచేస్తోంది. గోళ్ళకి ముదురు ఎరుపు రంగు, ఆ గోళ్ళ కింద గ్రీజు.

"ఆయన జైలుకి పోతే ఎన్నేళ్ళకొస్తాడో తెలీదు అన్నయ్యా" అంది. "వచ్చినా ఇక ఎవడూ బండి ఇవ్వడు. చేతిపని తప్ప మాకింకేం తెలుసు?"

ఓదార్చడం నాకు చేతకాదు. బావమరిది చెప్పిన గరగర గురించి అడిగాను. ఆమె నా వంక విచిత్రంగా చూసింది.

"బెల్టు గరగరమనడమేంటి?"

"అనదా?"

"ఇలా రండి."

గోడకి మేకుల మీద సామాను వేలాడుతోంది. ఒక పళ్ళ చక్రం, సైకిల్ చెయిన్‌కి అన్నలాంటి ఒక ఉక్కు చెయిన్, లోపలి వైపు పళ్ళున్న ఒక నల్ల రబ్బరు బెల్టు తీసి బల్ల మీద వరసగా పెట్టింది.

"ఇంజన్‌లో కింద ఒక ఇరుసు, పైన ఒక ఇరుసు. కిందది పిస్టన్లతో తిరుగుతుంది, పైది వాల్వులని తెరిచి మూస్తుంది. కిందది రెండు చుట్లు తిరిగితే పైది సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. కొన్ని ఇంజన్లలో ఆ వరస తప్పిందంటే వాల్వులూ పిస్టన్లూ ఢీకొంటాయి. అందుకని రెండిటినీ కలిపి కట్టాలి. దానికే ఈ మూడు. ముగ్గురు తోడికోడళ్ళనుకోండి."

ముందు పళ్ళ చక్రం మీద వేలు పెట్టింది. "గేరు. ఇనుముని ఇనుమే పట్టుకుంటుంది. పొద్దస్తమానం రొద, బరువు కూడా. కానీ ఇల్లు వదిలి పోదు. పెద్ద లారీల్లో ఇదే ఉంటుంది."

తర్వాత చెయిన్. "ఇది నూనెలో తిరుగుతుంది. చాలా ఏళ్ళొస్తుంది. ఒళ్ళు అలిసి సాగిందంటే మాత్రం నెలల ముందు నుంచే సణుగుడు మొదలెడుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే, నూనె ఎక్కేదాకా మూతకి కొట్టుకుంటుంది. మీరు చెప్పిన ఆ మేకుల డబ్బా చప్పుడు దీనిది."

చివరికి బెల్టు. "ఇది నోరెత్తదు. తేలిక, చవక, నూనె అక్కర్లేదు. కిలోమీటర్లు చూసుకుని మనమే మార్చుకోవాలి. మర్చిపోయామా, ఒకరోజు చెప్పాపెట్టకుండా పుటుక్కుమంటుంది. పెద్దాయన బండికి ఉన్నది ఇదే."

"ఇంతకీ ఇందులో నువ్వెవరమ్మా?"

"నేను టెన్షనర్‌ని. అందరినీ జారిపోకుండా బిగపట్టేది" అంది. అంత కష్టంలోనూ నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు గడియారం ఇంకా వేగంగా తిరుగుతున్నట్టనిపించింది.

ఆ షెడ్డుకి రెండు అలవాట్లున్నాయని అప్పుడే తెలిసింది. మొదటిది, విప్పిన పాత సామాను కొత్తదాని డబ్బాలోనే పెట్టి ఓనరు చేతికివ్వడం. చెత్త కూడా ప్యాక్ చేసి పంపుతాడని పక్క షెడ్ల వాళ్ళు మెకానిక్‌ని ఆటపట్టిస్తారట. రెండోది, పై చక్రం మీదా కింది చక్రం మీదా భార్య గోళ్ళ రంగుతో చుక్క పెట్టడం.

"పెయింటైతే ఆరడానికి అరగంట. ఇదైతే ఊదితే చాలు" అంది. "రెండు చుక్కలూ ఇంజన్ మీదున్న గాట్లకి ఎదురుగా వస్తే వరస కుదిరినట్టు."

"నడుస్తుండగా బెల్టు తెగితే?"

"పై చక్రం దాదాపు అక్కడే ఆగిపోతుంది. కిందది ఊపు మీద ఇంకొన్ని చుట్లు తిరుగుతుంది. ఇక ఒకదానికొకటి పొత్తుండదు."

"ఆగి ఉన్న ఇంజన్‌లో ఎవరైనా బెల్టు కోస్తే?"

ఆమె చేతిలో స్పానర్ బల్ల మీద పెట్టేసింది.

"కోస్తే ఎక్కడివక్కడే ఉంటాయి అన్నయ్యా. మళ్ళీ బెల్టు వేసి తిప్పితే చుక్కలు రెండూ కలుస్తాయి."

*

ఇన్‌స్పెక్టర్‌ని ఒప్పించడానికి రెండు గంటలు పట్టింది. పోలీసు యార్డులో కారు ముందు నిలబడేసరికి రెండున్నర. అక్కడ అప్పటికే స్కేలు ఉన్నాడు.

స్కేలు అంటే బీమా కంపెనీ సర్వేయర్. జేబులో ఆరంగుళాల ఉక్కు స్కేలు లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. ఎనిమిదేళ్ళ క్రితం మా ఇద్దరివీ పక్కపక్క బల్లలు. నేను ఆ ఉద్యోగం మానడానికి కారణం అతనని నేనంటాను, నా నోరని అతనంటాడు.

"నా రిపోర్టు మీద నీకు అనుమానమా?" అన్నాడు పలకరింపుగా.

"నీ రిపోర్టు మీద కాదు. నీకు దొరికిన బెల్టు మీద."

అతను ప్లాస్టిక్ సంచి పైకెత్తి చూపించాడు. "నాలుగేళ్ళు దాటిన సరుకు. పగుళ్ళు చూడు, పళ్ళ అరుగుదల చూడు. ప్రతి పన్నూ కొలిచాను."

"పాతదే. మెకానిక్ కూడా అదే అంటున్నాడు, నేను తీసేసిన బెల్టు ఇదేనని."

"తీయని బెల్టు ఇది" అన్నాడు ఇన్‌స్పెక్టర్. తలనొప్పి మాత్ర మింగి నీళ్ళు తాగుతున్నాడు.

"కొసలు చూడండి. లాగుడుకి తెగితే లోపలి దారాలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వస్తాయి. ఇవన్నీ ఒకటే పొడుగు. కోశాక రుద్ది పీచు చేశారు."

"గుద్దుడులో నలిగి ఉంటుంది" అన్నాడు స్కేలు.

"గుద్దింది వెనక నుంచి. ముందు బానెట్‌కి గీత కూడా పడలేదు. గేరు న్యూట్రల్‌లో ఉందని నువ్వే రాశావు, అంటే గుద్దుడుకి ఇంజన్ తిరగలేదు. సరే, గరగర మాట ఎలా నమ్మావు? బెల్టు ఎప్పుడైనా గరగరమందా?"

"టెన్షనర్ బేరింగ్ అరిగితే అంటుంది. నాకు ఇరవై ఏళ్ళ అనుభవం."

మెకానిక్ భార్య కారు చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడి ఉంది. నిందితుడి భార్య కారుని ముట్టుకోకూడదని స్కేలే పట్టుబట్టి అక్కడ నిలబెట్టించాడు.

"ఆ బేరింగ్ ఒకసారి వేలితో తిప్పండి సార్" అంది. "మీరే తిప్పండి. నేను రాను."

సర్వే కోసం మూతలన్నీ విప్పే ఉన్నాయి. స్కేలు వంగి తిప్పాడు. బేరింగ్ మెత్తగా తిరిగి ఆగింది. ఎవరికీ ఏమీ వినపడలేదు. అతను మరోసారి తిప్పి, చెయ్యి గుడ్డకి తుడుచుకున్నాడు. తెలిసిన విషయమే కదా అని చూడకుండా సంతకం పెట్టినవాడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేనూ ఒకసారి పెట్టాను.

బావమరిది ఎప్పుడొచ్చాడో చూడలేదు. ఏదో కాగితం మీద సంతకం కోసమట. విప్పి ఉన్న ఇంజన్‌ని, మా ముగ్గురినీ, తాడు అవతల ఆమెనీ చూశాడు. కాగితం ఇంట్లో మర్చిపోయానని గొణిగి గేటు వైపు నడిచాడు. గేటు బయట అతని కారు స్టార్టయింది. డబ్బాలో మేకులు కదిలినట్టు గరగరమంది, కాసేపటికి తగ్గింది.

మెకానిక్ భార్య వెనక్కి తిరిగి చూడలేదు. "చెయిన్ సాగింది" అంది. "ఎవరిదా బండి?"

"తన కారు చప్పుడుని బావ కారుకి అంటగట్టాడు" అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో. "అబద్ధం ఆడాలి, ఇంజన్ పాడైతే ఎలా మోగుతుందో అతనికి తెలిసింది అదొక్కటే."

"చప్పుడుని పట్టుకుని అరెస్టు చేయమంటావా? చూపించేదేదో చూపించు. మూడు కావస్తోంది."

కొత్త బెల్టు మెకానిక్ భార్య సంచిలోంచి వచ్చింది. వేసింది మాత్రం స్కేలు. ఏ చక్రాన్నీ కదపకుండా, ఎలా ఆగి ఉన్నవాటిని అలాగే ఉంచి బెల్టు ఎక్కించాడు. టెన్షనర్ బిగించాడు. ఆమె తాడు అవతల నుంచే చెబుతోంది, అతను తెలిసినవే చెబుతోందని విసుక్కుంటూ వింటున్నాడు. తర్వాత కింది చక్రం బోల్టుకి పొడుగు స్పానర్ తగిలించి నెమ్మదిగా తిప్పడం మొదలెట్టాడు.

ముదురు ఎరుపు చుక్క కింది నుంచి పైకి వచ్చింది. గాటుకి ఎదురుగా రాగానే అతను ఆపాడు. అందరం పై చక్రం చూశాం. అక్కడ చుక్క లేదు.

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు.

"ఇంకో చుట్టు సార్" అంది ఆమె. "కింద రెండుకి పైన ఒకటి."

స్కేలు నాలుక కరుచుకున్నాడు. మళ్ళీ తిప్పాడు. ఈసారి కింది చుక్క గాటు దగ్గరికి వచ్చేసరికి పై చుక్క కూడా వచ్చి దాని గాటుకి ఎదురుగా నిలబడింది. అతను జేబులోంచి స్కేలు తీసి పెట్టి చూశాడు. ఒక్క పన్ను కూడా తేడా లేదు.

"అనుకోకుండా కలిసి ఉండొచ్చు" అన్నాడు. ఆ గొంతులో బలం లేదు. నేను మాట్లాడకముందే తన పెట్టె తెరిచి, సన్నటి గొట్టం చివర కెమెరా ఉన్న పరికరం తీశాడు. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లోంచి గొట్టం దింపాడు. నాలుగు సిలిండర్లూ వరసగా చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ ఇంజన్‌లో బెల్టు నడుస్తూ తెగితే వాల్వులు పిస్టన్లని కొడతాయి. పిస్టన్ల నెత్తి మీద అర్ధచంద్రాల్లాంటి దెబ్బలు పడతాయి" అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో. "ఒక్కటీ లేదు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడే బెల్టు కోశారు. నా రిపోర్టు తప్పు. రాసిస్తాను."

ఎనిమిదేళ్ళలో అతని మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. ఆ మాట అతనికి చెప్పలేదు.

"అయితే ఎవరు, ఎప్పుడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీ రిజిస్టరే చెబుతుంది."

యార్డు రాతపని చూసే రైటర్ రిజిస్టర్ తెచ్చి చదివాడు. మంగళవారం ఏడూ పదికి క్రేను కారుని దింపింది. తొమ్మిదీ యాభై నుంచి పదీ ఇరవై ఐదు దాకా బావమరిది, పోయినాయన సొంత సామాను తీసుకోవడానికి. పదకొండూ ఇరవైకి సర్వేయర్. మధ్యలో ఇంకెవరూ లేరు.

"ముప్ఫై ఐదు నిమిషాలు" అన్నాను. "పై మూతకి నాలుగు క్లిప్పులు. ఏమేం తీసుకెళ్ళాడో రాశారా?"

"రాయకుండా ఎలా పంపుతాం సార్" అన్నాడు రైటర్. పేజీ తిప్పి చదివాడు. "కళ్ళజోడు ఒకటి. గొడుగు ఒకటి. ఫైలు ఒకటి. అట్టపెట్టె ఒకటి, అందులో రబ్బరు బెల్టు ఒకటి. కింద ఆయన సంతకం."

ఇన్‌స్పెక్టర్ ఆ పుస్తకం లాక్కుని తనే చదివాడు.

"పొద్దున నాతో ఆ డబ్బా తెరిచి చూడలేదన్నాడు, దాని సంగతే మర్చిపోయానన్నాడు" అన్నాను. "ఆ కారులో రెండు బెల్టులున్నాయి. పాతది మన సంచిలో ఉంది. మరి డబ్బాలో పోయింది ఏది?"

జవాబు స్కేలు చెప్పాడు. "కొత్తది. వేయకుండా మోసం చేసేవాడు కొత్త బెల్టుని ఓనరు చేతిలో పెట్టి పంపడు. ఇంజన్‌లో ఉన్న కొత్తది కోసి లాగేసి, డబ్బాలోని పాతది కూడా కోసి ఇంజన్‌లో పడేసి, కొత్తదాన్ని డబ్బాలో పెట్టుకుపోయాడు."

ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కి ఫోన్ కలిపాడు. "మెకానిక్‌ని కోర్టుకి తీసుకెళ్ళొద్దు. లాకప్‌లోంచి బయటికి తెచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. నేనొస్తున్నాను."

మెకానిక్ భార్య పక్కనున్న పాత టైరు మీద కూలబడిపోయింది. రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తాడు దాటి వెళ్ళి ఆమె భుజం తట్టాను.

"సంతోషం తర్వాత" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "బెల్టు తెగక, ఇంజన్ చెడక, ఆయన వంతెన మధ్యలో ఎందుకు ఆగాడు? తెలిసినవాడు ఆపితేనే ఆగుతాడు. ఆపినవాణ్ణి చూసిన మనిషి ఎవరైనా ఉన్నారా?"

"లారీ డ్రైవర్. కారుకి ఒక్క లైటూ లేదనీ, పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపించిందనీ అన్నాడు. ఇప్పుడే స్టేట్‌మెంటు తీసుకోండి, రేపటిదాకా ఆగొద్దు."

ఆసుపత్రిలో ఆ వార్డు ఫోన్ నంబరు పొద్దున రాసుకున్నాను. ఫోన్ నేనే చేసి స్పీకర్ పెట్టాను. నర్సు ఎత్తింది. లారీ డ్రైవర్‌కి ఇవ్వమన్నాను.

"ఆయన వెళ్ళిపోయారు సార్. పావుగంటైంది."

"భుజం విరిగినవాడు ఎలా వెళ్ళాడు?"

"లారీ ఓనరు గారి బంధువట, వచ్చారు. ఇంతకంటే మంచి ఆసుపత్రిలో చేర్పిస్తామని సంతకం పెట్టి తీసుకెళ్ళారు. ఇస్త్రీ చొక్కా, మర్యాదగానే మాట్లాడారు. ఏమైనా పొరపాటా సార్?"

ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నాడు. స్కేలు స్పానర్ చేతిలో పట్టుకునే అతని వెనక వెళ్ళాడు.

"ఏ కారులో వచ్చాడో చూశారా?" అన్నాను.

"రంగు చూడలేదు సార్. స్టార్ట్ చేసినప్పుడు మాత్రం వార్డు దాకా వినపడింది. గరగరమని."

టైరు మీద కూర్చున్న ఆమె తలెత్తి నా వంక చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. పొద్దున బావమరిది ముందు కూర్చుని లారీ డ్రైవర్ ఏం చూశాడో, అది పోలీసులకి ఇంకా చెప్పలేదనీ, పూసగుచ్చినట్టు చెప్పి వచ్చింది నేనే.